ముందు ఒక మంచి మాట

జూన్ 3

ఇవాళ నుంచి నాకు కొత్త పని. టోకెన్ల కిటికీ దగ్గర వేరే ఆవిడని కూర్చోబెట్టి, నన్ను మందుల గది వెనకనున్న చిన్న గదిలోకి పంపారు. పూర్వం అక్కడ సీసాలు కడిగేవాళ్లు. ఇప్పుడు ఒక పక్క అద్దం పెట్టి, మిగతా గోడల నిండా నల్లటి స్పాంజి పలకలు అంటించారు. తలుపు వేస్తే ఆసుపత్రి చప్పుడంతా ఆగిపోతుంది, మన ఊపిరి మనకే వినిపిస్తుంది. ప్రార్థనకి ఇంతకంటే మంచి చోటు ఉండదనిపించింది. పైకి అనలేదు.

ఈ కొత్త పని చూసే ప్రాజెక్టు అమ్మాయి నిదానంగా వివరించింది. డాక్టర్లు చెప్పేది జనానికి తలకెక్కడం లేదు. అన్నిటికీ తలూపి వెళ్లిపోతారు, ఇంటికెళ్లాక ఏ మాత్ర ఎందుకో తెలియక తికమకపడతారు. అలాంటివాళ్లు ఫోన్ చేసి అడిగితే కృత్రిమ మేధ జవాబు చెబుతుందట, ఇంట్లో మనిషి చెప్పినట్టు. ఆ ఇంటి మాట దానికి నేర్పాలి. చదవడానికి ఒక గొంతు కూడా కావాలి.

"పుస్తకాల భాష దానికి బోలెడంత వచ్చమ్మా. మనుషుల మాటే రాదు," అంది.

నన్నే ఎందుకు ఎంచారో డాక్టరమ్మ గుమ్మంలో నిలబడి చెప్పింది. "మా నాన్నగారి రోజుల్లో కాంపౌండరు గారు మందుల కిటికీలోంచి మాట్లాడేవారు చూడండి, ఇది అలా మాట్లాడాలి. ఆయన మాటలు మీకు కాక ఇంకెవరికి తెలుస్తాయి."

ఆ కాంపౌండరు గారు మా ఆయన. ఆయన్ని తలుచుకునేవాళ్లు అక్కడ ఇంకా ఉన్నారు. బస్సులో ఇల్లు చేరేదాకా ఆ మాటనే ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను.

జూన్ 5

పని ఇలా సాగుతుంది. డాక్టర్లు రాసిన వాక్యం తెర మీద కనిపిస్తుంది. "ఈ ఔషధమును ఆహారానంతరం సేవించవలెను." నేను కళ్లు మూసుకుంటాను. ఆయన కిటికీ దగ్గరికి వస్తారు, కళ్లజోడు నుదుటి మీదికి తోసుకుంటారు. "ఖాళీ కడుపున వేసుకున్నావనుకో తల్లీ, ఇది లోపల చేరి గొడవ చేస్తుంది. నాలుగు ముద్దలు తిను, అప్పుడు వేసుకో." అదే నేను చెబుతాను. మైకు వింటుంది, మిషన్ నేర్చుకుంటుంది.

అమ్మాయికి సీసాల సంగతి చెప్పాను. ఆ రోజుల్లో దగ్గుమందు, కడుపునొప్పి మందు ఆయనే కలిపి సీసాల్లో పోసిచ్చేవారు. సీసాకి ఒక పక్కన కాగితం పట్టీ అంటించేవారు. పట్టీకి గాట్లుంటాయి, ఒక గాటు దిగితే ఒక పూట మందు. చదువు రానివాళ్లకి అదే చదువు. ఆ పట్టీలు సాయంత్రాలు నేనే కత్తిరించేదాన్ని. ఆయన ఎదురుగా కూర్చుని ఆ రోజు కిటికీ దగ్గరికి ఎవరొచ్చారో, ఏమడిగారో, తాను ఏం చెప్పారో అన్నీ మళ్లీ చెప్పేవారు. వాళ్ల గొంతులన్నీ అనుకరించేవారు. నవ్వు ఆపుకోలేక నేను గాటు వంకరగా వేస్తే, "ఇది తాగినవాడు ఇవాళ ఒక గుటక ఎక్కువ తాగుతాడు, పుణ్యం నీదే," అనేవారు.

అమ్మాయి నవ్వింది. అదీ రికార్డయిందట.

జూన్ 9

మధ్యాహ్నం వదిన కుట్టుమిషన్ దగ్గరనుంచి లేచి వెళ్తుంటే నేల మీద తడి మచ్చలు కనిపించాయి. కాలు చూపించమన్నాను.

"కాలు చూపించే వయసా నాది," అంది.

ఆయనకి అక్కగారు కాబట్టి నన్ను ఏమైనా అనే హక్కు తనకుంది. పెళ్లి మాట ఎత్తనివ్వకుండా, ఆ మిషన్ తొక్కి తమ్ముణ్ణి చదివించిన మనిషి. ఆయన పోయాక ఇంట్లో మేమిద్దరమే. బలవంతాన కూర్చోబెట్టి చూశాను. అరికాల్లో, వేళ్ల మొదట్లో పుండు.

"ఇదెప్పటినుంచి వదినా?"

"చెప్పులో మేకు లేచిందే. నిన్న చెప్పు దులిపితే గానీ నాకే తెలీలేదు. నొప్పి పుడితే కదా తెలిసేది. నువ్వు మొహం అలా పెట్టకు, నీ మొహం చూస్తే పుట్టేట్టుంది."

నొప్పి లేదంటే మంచిదే. ఆయనా అదే అనేవారు. మందు రాసి గుడ్డ కట్టాను. తనకి షుగరుంది కాబట్టి డాక్టరమ్మకి ఒకసారి చూపించాలి. రేపు అడుగుతాను.

జూన్ 10

అడగడం కుదరలేదు. రికార్డింగు సాయంత్రం దాకా సాగింది.

జూన్ 11

నేను ఎవరికీ ఎదురు చెప్పే మనిషిని కాను. ఇవాళ చెప్పాను.

ఎవరైనా ఫోన్ చేస్తే మిషన్ ముందు ప్రశ్నలడగాలని అమ్మాయి పట్టు. వయసెంత, షుగరుందా, జ్వరముందా, ఎన్నాళ్ల నుంచి, ఇవన్నీ తెలుసుకున్నాకే జవాబు చెప్పాలట.

"పోలీసు స్టేషన్‌లో అడిగినట్టు అడిగితే బెదిరిపోతారమ్మా," అన్నాను. "వాళ్లు వచ్చేదే భయంతో. ముందు ఒక మంచి మాట పడాలి చెవిలో. ఆయన ఏ చీటీ చూసినా ముందు ఏం పర్లేదు అనేవారు. ఆ తర్వాతే సీసా అందుకునేవారు."

"ఏం జబ్బో తెలీకుండానే ఏం పర్లేదని ఎలా అంటాం?"

"ఆ మాట జబ్బుకి కాదమ్మా, మనిషికి."

అమ్మాయి చివరికి డాక్టరమ్మని పిలిచింది. గాయాల గురించి నేను చెప్పిన వాక్యం ఇది: "ఏం పర్లేదు తల్లీ. నొప్పి తగ్గిందంటే లోపల మానుతోందన్నమాట." మామూలు గాయాలకైతే అది తప్పు కాదంది డాక్టరమ్మ. కాకపోతే ఆ వెనకే షుగరుందా అని తప్పకుండా అడగాలంది. బయట రోగులు కాచుకుని ఉన్నారు, ఆవిడ వెళ్లిపోయింది.

అలాగే పెట్టారు. ముందు మంచి మాట, తర్వాత ప్రశ్న.

ఆయన ఉంటే ఎంత సంతోషించేవారో. తెలియని వాళ్ల ఇళ్లలో కూడా ఆయన మాట మోగుతుంది.

జూన్ 13

నేను చదివినవి అమ్మాయి వినిపించింది. గొంతు నాదే. కానీ "ఏం" అన్నాక ఒక్క క్షణం ఆగి, "పర్లేదు" అని మెల్లగా దించడం ఆయనది. ఆ ఆగడంలో ఆయన కిటికీలోంచి వంగి ఎదుటివాళ్ల మొహం చూసేవారు. నేను చూసింది ఒక్కసారే, పెళ్లైన కొత్తలో. అన్నం డబ్బా మరిచిపోయారని తీసుకెళ్లి వరసలో నిలబడ్డాను. నా వంతు రాగానే తల ఎత్తకుండానే, "ఏం పర్లేదు తల్లీ, ఏదీ చీటీ," అన్నారు. నేను అన్నం డబ్బా ముందుకు జరిపాను. వరసంతా నవ్వింది. ఆయన చెవులు ఎర్రబడ్డాయి.

మళ్లీ ఒకసారి వినిపించమన్నాను. తప్పులు వెతుకుతున్నాననుకుంది అమ్మాయి.

జూన్ 14

మళ్లీ వినిపించమన్నాను.

జూన్ 18

పరీక్షగా వాడి చూడమని ఆసుపత్రిలో పనిచేసేవాళ్ల ఇళ్లకి ఫోన్ నంబరిచ్చారు. సాయంత్రం వదినకి కలిపి ఇచ్చాను. తలనొప్పి అని చెప్పమన్నాను.

"ఉన్నదే చెబుతున్నాను, నువ్వున్న ఇంట్లో తలనొప్పికి కొదవా," అంటూ ఫోన్ చెవికి పెట్టుకుంది.

విన్నది. ఫోన్ దించి నా వైపు చూసింది. "వీడేమిటే, నీ గొంతులో దూరాడు?"

కళ్లు తుడుచుకుంది, నేనూ తుడుచుకున్నాను. తర్వాత చాలాసేపు పాత కబుర్లు. కాంపౌండరు పరీక్షకి చదువుతూ ఆయన మందుల పేర్లు పైకి వల్లిస్తుంటే, మిషన్ చప్పుడులో వినిపించక వదిన, "గట్టిగా చదవరా, నాకూ డిగ్రీ వస్తుంది," అనేదట. ఆ పేర్లు కొన్ని తనకి ఇప్పటికీ వచ్చు. తొక్కుతూ తొక్కుతూ వల్లించి చూపించింది.

"రోజూ ఫోన్ చేస్తానే దీనికి. జబ్బు లేకపోయినా," అంది.

కాలెలా ఉందని అడిగాను. బాగుందంది.

జూన్ 20

అమ్మాయి లెక్కలు చూపించింది. మంచి మాట వినగానే చాలామంది ఫోన్ పెట్టేస్తున్నారట. వెనక వచ్చే ప్రశ్న దాకా ఉండటం లేదు. తనకి దిగులుగా ఉంది.

"కిటికీ దగ్గర కూడా అంతేనమ్మా. ఆ మాట పడగానే మొహాలు విప్పారేవి, తేలిగ్గా వెళ్లిపోయేవాళ్లు," అన్నాను.

"వెళ్లాక ఏమయ్యారో ఎవరైనా చూశారా?"

ఆ పిల్లకి ఆయన తెలియదు.

జూన్ 23

వదిన కూర్చున్న చోట వాసన. ముందు వంటింట్లో ఏదో పాడైందనుకున్నాను.

"గుడ్డ విప్పండి వదినా."

"విప్పను. నీ మాటల పెట్టెని అడిగానుగా. ఏం పర్లేదంది. నొప్పి లేదంటే మానుతున్నట్టేనంది. అన్నది నువ్వే."

"షుగరుందా అని అడగలేదా అది?"

"ఏదో అడగబోయింది. పొయ్యి మీద పాలు పొంగుతున్నాయి, పెట్టేశాను. మంచి మాట విన్నాక ఇంక వినేదేముంది?"

నేనే విప్పాను. అంచులు నల్లబడి ఉన్నాయి. వేలితో నొక్కాను. వదిన గోడ మీద కేలెండర్ చూస్తోంది. నేను నొక్కానని తనకి తెలియలేదు.

రేపు పొద్దున్నే ఆసుపత్రికి తీసుకెళ్తాను.

జూన్ 24

రానంది. బడి పిల్లల యూనిఫారాలు కుట్టి ఇవ్వాలట, మాటిచ్చిందట. ఈ పని అయ్యాక వస్తానంది. కనీసం కాలు కదపకుండా కూర్చోమన్నాను. "మిషన్ని చేత్తో తొక్కనా?" అంది.

గట్టిగా అనలేకపోయాను. ఎవరినీ గట్టిగా అనలేకపోవడం నా మంచి గుణమని ఇన్నాళ్లూ అనుకున్నాను. దేవుడి ముందు కూర్చుని వదిన కాలు నయం చెయ్యమని అడిగాను. అడిగి లేచాక మనసు తేలికపడింది. అలా తేలికపడటం ఇవాళ నాకు నచ్చలేదు.

జూన్ 26

జ్వరం. తెల్లవారేసరికి వదిన మాట తడబడుతోంది. పక్కింటి వాళ్లు పట్టుకోగా ఆటోలో ఆసుపత్రికి.

జూన్ 27

డాక్టరమ్మ నన్ను పక్కకి పిలిచి కూర్చోబెట్టింది. షుగరు చాలాకాలంగా ఉన్నవాళ్లకి పాదాల్లో స్పర్శ పోతుంది. మేకు గుచ్చుకున్నా తెలియదు. నొప్పి లేకపోవడమే అక్కడ అసలు జబ్బు. పుండు లోపలికి పాకింది. రెండు వేళ్లు తీసెయ్యాలి. అక్కడితో ఆగుతుందా, పాదం కూడా పోతుందా అన్నది తీశాక గానీ చెప్పలేనంది.

"ఆవిడ కుట్టుపని చేస్తారమ్మా. ఆ కాలే తొక్కేది," అన్నాను.

"తెలుసు," అంది డాక్టరమ్మ. ఆవిడ చిన్నప్పటి గౌన్లు వదినే కుట్టింది.

నన్ను ఎవరూ ఏమీ అనలేదు. ప్రాజెక్టు అమ్మాయి వరండాలో పక్కన వచ్చి కూర్చుంది. "మీరు వద్దన్నా నేను ప్రశ్నలే ముందు పెట్టాల్సింది," అంది. తనది తప్పన్నట్టు చెబుతోంది, అంత చిన్న పిల్ల. దానికి నేను ఏమనాలి? నాలుక చివరిదాకా వచ్చింది, ఏం పర్లేదమ్మా అని.

జూన్ 28

వేళ్లు తీశారు. పాదం సంగతి ఇంకా తెలియదు.

జూన్ 29

ప్రార్థనకి కూర్చున్నాను. మాటలు రాలేదు.

జూలై 1

వదినకి జ్వరం దిగింది. కట్టు వైపు చూస్తూ పడుకుని ఉంది. దిండు సర్దుతూ అలవాటుగా అనేశాను, "ఏం పర్లేదు వదినా."

"ఆ మాట ఇంకొక్కసారి అన్నావంటే ఈ సెలైను సీసా పీకి నీ నెత్తిన కొడతాను."

పక్క మంచం ఆవిడ నవ్వింది. వదిన నవ్వలేదు.

"మీ ఆయన పోయిన రోజు ఏమన్నాడే?"

నేను పండు ఒలుస్తున్నాను.

"నిన్నే అడుగుతున్నాను. ఛాతీ పట్టుకుని గుమ్మంలో కూర్చుని ఏమన్నాడు వాడు?"

"వదినా, ఇప్పుడెందుకవన్నీ."

"ఏం పర్లేదక్కా, గ్యాసు అన్నాడు. మనిద్దరం సోడా తాగించి పడుకోబెట్టాం. ఆటో ఎక్కితే ఆసుపత్రి పది నిమిషాలు. ఊళ్లో వాళ్లందరికీ చెప్పినట్టే మనకీ చెప్పాడు, వాళ్లు నమ్మినట్టే మనమూ నమ్మాం. అంత తియ్యగా చెప్పేవాడు, వెధవ."

వెధవ అన్నాక ఏడ్చింది. తమ్ముణ్ణి చిన్నప్పుడు ఆ మాటతోనే పిలిచేదని ఆయన చెప్పేవారు. నేను పండు తొనలు ఒక్కొక్కటే తన చేతిలో పెట్టాను, తను తిన్నది. ఆ రోజు సంగతి నేను ఇంతవరకు ఎక్కడా రాయలేదు. రాసేది కూడా ఇంతే ఉంది. ఆయన ఆ మాట అన్నారు. మేము సరేనన్నాం.

జూలై 4

పాదం దక్కింది. పొద్దున కట్టు విప్పి చూసి డాక్టరమ్మే చెప్పింది. కింద కండ ఎర్రగా, ఆరోగ్యంగా ఉందట. మిషన్ తొక్కొచ్చా అంటే, కాలు మానాక మెత్తటి బూటు వేసుకుని మెల్లగా తొక్కొచ్చంది. వదిన కళ్లు మూసుకుని, నిట్టూర్చి, మళ్లీ తెరిచింది. "యూనిఫారాల వాళ్లకి ఏం చెప్పావే?" అదీ మొదటి మాట.

డాక్టరమ్మ జాగ్రత్తలన్నీ చెప్పింది. చెప్పాక తలూపనివ్వలేదు. "నేను చెప్పింది మీ మాటల్లో నాకు మళ్లీ చెప్పండి, అత్తా," అంది. ఇప్పుడు రోగులందరినీ ఇలాగే అడుగుతున్నారట, మిషన్‌తో కూడా ఇలాగే అడిగిస్తారట.

"ఏముందమ్మా. మొహం అద్దంలో చూసుకోకపోయినా నష్టం లేదు గానీ, రోజూ అరికాలు అద్దం పెట్టి చూసుకోవాలి. చెప్పులో ముందు చెయ్యి పెట్టి తడమాలి, తర్వాతే కాలు. నొప్పి లేదని సంబరపడకూడదు. చిన్న గాటు పడినా ఆ రోజే నీ దగ్గరికి రావాలి, రానని మొండికేస్తే మా మరదలు నన్ను ఈడ్చుకురావాలి."

"నేనా?" అన్నాను.

"నువ్వే. గొంతు పెంచడం నేర్చుకో. ఇంకో ఎనిమిది వేళ్లున్నాయి నాకు."

డాక్టరమ్మ నవ్వింది. నేనూ నవ్వాను, చాలా రోజుల తర్వాత.

జూలై 8

మళ్లీ ఆ గదిలోకి వెళ్లాను. నేను వస్తానో రానో అని అమ్మాయి కంగారు పడిందట.

వరస మార్చారు. ముందు ప్రశ్న. జవాబు వచ్చాక ఏం చెయ్యాలో చెప్పడం. తర్వాత, అర్థమైంది మళ్లీ చెప్పమని అడగడం. ఓదార్పు మాట చివర్న, అదీ నిజంగా ఏమీ లేదని తేలితేనే. పుండ్ల గురించిన కొత్త వాక్యాలు నాతో చదివించింది. "నొప్పి లేకపోవడం మంచి గుర్తు కాకపోవచ్చు. ఇవాళే డాక్టరుకి చూపించుకోండి." వదిన కాలు కళ్ల ముందు పెట్టుకుని చదివాను.

అమ్మాయి పాతవాటి పక్కన కొత్తవి పెట్టి విన్నది. చెప్పడానికి ఇబ్బంది పడింది.

"రెండూ ఒకే మనిషి గొంతులా లేవమ్మా. ఒకదాని వెనక ఒకటి వస్తే అతకవు. ఇవి కాస్త పాతవాటిలా చదువుతారా?"

పాతవి వినిపించమన్నాను. వరసగా వింటూ పోయాను. ఆ ఆగడం ఉంది, ఆ దించడం ఉంది, సీసా గాట్ల దగ్గర ఆ చిన్న నవ్వు ఉంది. ఇన్నాళ్లూ నేను ఈ గదికి పని కోసం వస్తున్నాననుకున్నాను. ఆయన్ని చూసుకోవడానికి వచ్చాను. ఇంత మెత్తటి గోడల మధ్య, తలుపు వేసుకుని, ఆయన గొంతులో నేను మాట్లాడుతూ, నేనే వింటూ.

ఆ గొంతులో ఈ కొత్త వాక్యాలు చెప్పించాలని ప్రయత్నించాను. చదువుతూ పోతే చివరికి అన్నీ ఏం పర్లేదన్నట్టే వినిపించాయి. ఇవాళే చూపించుకోండి అన్నా, రేపైనా సరే అన్నట్టుంది.

"పాతవన్నీ తీసెయ్యమ్మా," అన్నాను. "మొదటినుంచి చదువుతాను."

"అన్నీనా? చాలా పనమ్మా."

"అవును."

అమ్మాయి మెల్లగా అడిగింది, "తీసేసే ముందు మీ ఫోన్‌లోకి వేసివ్వనా? ఇంట్లో వినొచ్చు."

వినాలనే ఉంది. ఎంత ఉందో ఇక్కడైనా రాసుకోవచ్చు, చాలా ఉంది. వదినకైతే ప్రాణం లేచొస్తుంది.

"వద్దమ్మా. ఇంట్లో ఉండేది మేమిద్దరం. ఇద్దరం ఆ మాట నమ్మేవాళ్లమే."

అమ్మాయి మీట నొక్కి, తలుపు మూసి, అద్దం అవతల కూర్చుంది. మైకు దగ్గరికి జరిగాను. నా గొంతు ఇంత పొడిగా, ఇంత ఎత్తున ఉంటుందని నాకు తెలియదు.

"మీకు షుగరుందా? ముందు అది చెప్పండి."

జవాబు కోసం కాస్త చోటు వదలమని అమ్మాయి చెయ్యెత్తింది. ఆగాను.